ఒక్కొక్క పనికి ఒక్కొక్క యంత్రమా?

సంసారమున చిన్న విషయములని మనము త్రోసివేయు వానిలోనే ధర్మసూక్ష్మములు తఱచుగా దాగియుండును. రాజ్యతంత్రమును గూర్చియు మతమును గూర్చియు సభలలో గంటలకొలది చర్చించువారు, ఇంటికి వచ్చి విస్తరిముందు కూర్చుండునప్పుడు, ఆ యన్నము ఎవరి చేతి శ్రమవలన, ఎంత కాలమునకు, ఏ సాధనములచే సిద్ధమైనదో విచారింపరు. నేడు అంగళ్లనిండ వంటయింటి యంత్రములు వరుసలు తీర్చియున్నవి. రొట్టెలు చేయుట కొకటి, గ్రుడ్లు ఉడికించుట కొకటి, కూరలు తఱుగుట కొకటి, పండ్లరసము తీయుట కొకటి, నూనె లేకుండ వేపుట కొకటి. ఇవి నిత్యపు వంటకు కొనదగినవా, కావా యని మధ్యతరగతి గృహస్థులు ప్రశ్నించుచున్నారు. ఇది కేవలము రూకల లెక్కయని పైకి తోచును. మేమట్లు తలంపము. ఒక యంత్రము గడపదాటి లోనికి వచ్చునప్పుడు దానివెంట మూడు ప్రశ్నలు కూడ వచ్చుచున్నవి: ధనమెవరిది, శ్రమ యెవరిది, మిగిలిన కాలమెవరిది? ఈ మూడింటికిని సమాధానమొక్కరే యైన యింటిలో ధర్మసందేహమే లేదు. అట్టి యిండ్లు అరుదు గనుకనే ఈ విచారణ.

ముందుగా ఒక అపోహను తొలగింపవలసియున్నది. ఒక్క పనికి మాత్రమే ఉపకరించు సాధనము నవనాగరకతతో పుట్టినదనియు, మన పెద్దలు ఒక కుండతో, ఒక గరిటెతో సంసారమీదిరనియు కొందఱు చెప్పుదురు. ఇది నిజము కాదు. గుంతపొంగనముల పెనము పొంగనములకే గాని మఱి దేనికిని పనికిరాదు. జంతికల గొట్టము పండుగలకు తప్ప అటకమీదినుండి దిగదు. కవ్వము చల్ల చిలుకుటకే. ఆత్రేయపురమున పూతరేకులు తీయువారు కుండను బోర్లించి దాని వీపుమీద రేకు తీయుదురు. ఆ కుండ ఆ పనికొఱకే చేయించినది. కావున ఏకకార్యసాధనమును కలిగియుండుట మనకు క్రొత్తయు గాదు, నేరమును గాదు. అయితే ఆ పాత సాధనములకు కొన్ని గుణములుండెడివి. అవి ఱాయి, మన్ను, కొయ్య, ఇనుము, ఇత్తడి వంటి వానితో చేయబడినవి. ఇనుపది చెడిపోయినచో ఊరి కమ్మరి, కొయ్యది చెడిపోయినచో వడ్రంగి బాగుచేయగలిగెడివారు. అత్తచేతినుండి కోడలిచేతికి వచ్చెడివి. అన్నిటికంటె ముఖ్యముగ, పొరుగింటివారు అడిగిన నాడు ఇయ్యదగియుండెడివి. వీథిలో ఒక పొంగనముల పెనమున్నచో పదిండ్లకు పొంగనములు దొరకెడివి.

ఈ విషయమును గాలిలో చర్చించుటకంటె ఒక గ్రామమును కన్నులయెదుట నుంచుకొని విచారించుట మేలు. కోదాడకు చేరువనున్న నడిగూడెమును గ్రహింతము. ఈ గ్రామము మునగాల పరగణా జమీందారులకు నివాసస్థానము. వారి కోట నేటికిని కలదు. చుట్టును నిజాము రాజ్యముండగా ఈ పరగణా మాత్రము చెన్నపురి ఏలుబడిలోని కృష్ణాజిల్లాకు చేరియుండెను. 1959లో నల్లగొండ జిల్లాలో కలిసి, 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడగా అందు చేరినది. రాజా నాయని వేంకటరంగారావుగారు ఇచట జమీందారులుగా నున్న కాలమున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు వారికి దివానులుగ నుండిరి. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకు, 1906లో ఆరంభమైన విజ్ఞానచంద్రికా మండలికి వీరిరువురి ప్రోత్సాహమును తెలుగువారెఱుగుదురు. లక్ష్మణరావుగారి సోదరి భండారు అచ్చమాంబగారు స్త్రీల చరిత్రములను గూర్చి 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను రచించిన విదుషి. స్త్రీలు చదువవలెననియు వ్రాయవలెననియు వాదించిన ఆ తరమువారి మాటను లోతుగా విచారించినచో అది తుదకు తీఱికను గూర్చిన మాటయే యగును. గ్రంథము చేతికిచ్చి గడియ నియ్యనివాడు విద్యనిచ్చినవాడు కాడు. కావున వంటయింటిలోని గంటలను లెక్కించుట ఆ సంస్కరణమునకు కొనసాగింపే గాని అల్పవిషయము కాదు.

కాలువనీరు రాకపూర్వము ఈ ప్రాంతపు మెట్టభూములలో జొన్నలు, సజ్జలు పండెడివి. జొన్నలను రోటిలో దంచి, ఇసుఱ్ఱాతిపై విసరి, గట్కయో సంకటియో రొట్టెయో చేయవలెను. ధాన్యమును దంచి చెరిగినగాని బియ్యము రావు. బావినుండి నీరు తోడి బిందెలతో మోయవలెను. కంపయు కట్టెలును పిడకలును కూర్చుకొని, పొగలో కన్నులు నలుపుకొనుచు పొయ్యి నూదవలెను. అన్నము వండుట అనునది దినమునందలి ఆ శ్రమలో చివరి భాగము మాత్రమే. 1967లో నాగార్జునసాగరపు కాలువలకు నీరు వదలిన పిదప, ఎడమకాలువ క్రింది ఈ భూములు క్రమముగా వరిమళ్లయినవి. మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములందు బియ్యపుమిల్లులు వెలసినవి. ఊరూర గిర్ని వచ్చినది. గృహములకు కుళాయినీరు చేరినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో మొదలైన దీపము పథకమువలనను, 2016లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన ఉజ్జ్వలా పథకమువలనను పేదయిండ్లకు కూడ గ్యాసుపొయ్యి వచ్చినది.

ఇందొక విశేషము గమనింపదగినది. రోకటిపోటును తప్పించినది బియ్యపుమిల్లు. అది ఏ యింటివారి సొత్తును కాదు. ఇసుఱ్ఱాతిని మూలకు చేర్చినది గిర్ని, అది ఊరందఱిది. బిందెబరువును దించినది కుళాయి. అది ప్రజల పన్నులతో వచ్చినది. అనగా వంటయింటి శ్రమలో మిక్కిలి బరువైన భాగమును తొలగించిన యంత్రములు వంటయింటికి వెలుపల నున్నవి. వానిని ఏ గృహస్థుడును తన అలమరలో దాచుకొనలేదు. ఈ సత్యము మఱచిన వారికి, సుఖమంతయు అంగటినుండి అట్టపెట్టెలో వచ్చునను భ్రాంతి కలుగును. వీథిలో కుళాయి సరిగా రాని ఊరిలో ఇంటింట పండ్లరసపు యంత్రమున్నను ఇల్లాలి వీపునకు విశ్రాంతి లేదు.

ఇక ఇంటిలోనికి వత్తము. లోపలికి వచ్చిన యంత్రములలో కొన్ని తమ చోటును తామే సంపాదించుకొన్నవి. ఆవిరిని బంధించి వండు పాత్రను ఫ్రాన్సు దేశీయుడైన డెనీ పపిన్ 1679లో లండనులోని రాయల్ సొసైటీవారికి చూపెను. మన దేశమున ప్రెషరు కుక్కరులు 1959 ప్రాంతమున తయారగుట మొదలిడినవి. మామూలు గిన్నెలో నీరు నూఱు డిగ్రీలకు మించి వేడియెక్కదు. కుక్కరులో ఆవిరి యొత్తిడివలన అది ఇంచుమించు నూటయిరువది డిగ్రీలకు చేరును. గంటసేపు ఉడుకవలసిన కందిపప్పు పావుగంటలో మెత్తబడును, గ్యాసును మిగులును. పప్పన్నము ప్రతిదినము తిను ఇంటిలో దీని యోగ్యతను గూర్చి వాదమక్కఱలేదు.

మిక్సీ చరిత్రము ఇంకను ఆసక్తికరమైనది. విదేశములనుండి వచ్చిన మిక్సరులు మెత్తని పదార్థములను కలుపుటకు ఉద్దేశింపబడినవి. మన పసుపుకొమ్ములకును, నానిన పప్పులకును వాని మోటారులు తాళలేదు. సత్యప్రకాశ్ మాథుర్ అను ఇంజనీరు తన భార్య మాధురిగారి వంటయింటిలోని ఈ యిబ్బందిని చూచి, 1963లో సంస్థను స్థాపించి, మన వంటకు తగిన బలమైన మోటారుతో 'సుమీత్' మిక్సీని రూపొందించెను. కోయంబత్తూరున పి. సభాపతి 1955లో రోలును పొత్రమును విద్యుత్తుతో త్రిప్పు గ్రైండరును నిర్మించెను. జపానులో అదే 1955లో తోషిబా సంస్థ విద్యుత్తుతో అన్నము వండు పాత్రను విక్రయించినప్పుడు, దాని వెనుక మినామి యోషితద అనువాని భార్య ఫుమికో యింటిలో మరల మరల అన్నము వండి చేసిన పరీక్షలుండెను. ఈ సాధనములన్నియు నిత్యము చేయక తప్పని పనినుండి పుట్టినవి. అంగడిలో పుట్టి పిదప పనిని వెదకుకొన్నవి కావు.

విద్యుత్తుతో అన్నము వండు పాత్రను కొంత నిలిచి చూడవలసియున్నది. అది అన్నము తప్ప తక్కిన వంట యేమంతగా చేయదు. నీరు ఇగిరి లోని వేడిమి నూఱు డిగ్రీలను దాటగనే తానే ఆగిపోవుట దాని నేర్పు. ఏకకార్యసాధనము కూడదను నియమము ప్రకారము దీనిని నిషేధింపవలెను. కాని రెండుపూటల అన్నము వండు నడిగూడెపు ఇంటిలో అది దినమునకు రెండుమాఱులు పనిచేయును. గోధుమరొట్టె తిను ఉత్తరదేశపు ఇంటిలో అదే పాత్ర నెలల తరబడి దుమ్ము పట్టియుండును. దీనినిబట్టి తేలిన దేమనగా, విశేషత్వము యంత్రమునందు లేదు. ఆ యింటి భోజనమునందున్నది. వారమునకు రెండుమాఱులు ఇడ్లీయో దోసెయో చేయు ఆరుగురు గల ఇంటికి గ్రైండరు నిత్యసాధనము. నెలకొకమాఱు చేయు ఇద్దఱికి మిక్సీయే చాలును, గ్రైండరు అలంకారము. కావున 'ఫలాని యంత్రము మంచిది' యని చెప్పువారి మాటకు, 'ఏ యింటికి?' అనునదే మొదటి ప్రత్యుత్తరము.

ఈ లెక్కకు నిలువని యంత్రములు అనేకములున్నవి. రొట్టెలు ఒత్తు విద్యుద్యంత్రము గోధుమపిండికొఱకు చేయబడినది. జొన్నపిండికి సాగుడుగుణము లేదు, దానిని వేడినీటితో కలిపి చేతితో తట్టవలసినదే. గ్రుడ్లు ఉడికించు యంత్రము చేయు పనిని మూత గల ఏ గిన్నెయైనను చేయును. 2010లో ఫిలిప్స్ సంస్థ లోకమునకు పరిచయము చేసిన ఎయిర్ ఫ్రయ్యరును విప్పి చూచినచో అందొక వేడితీగెయు, దానిపైని గాలిని వేగముగ త్రిప్పు పంకాయు కలవు. అది చిన్న ఓవెనే గాని నూనె లేకుండ వేపు ఇంద్రజాలము కాదు. జారుడుపిండిలో ముంచిన మిరపకాయబజ్జీని అందులో వేసినచో పిండి పొంగకముందే క్రిందికి కారిపోవును. దాని బుట్టలో ఇద్దఱు ముగ్గురికి సరిపడు ముక్కలు పట్టును. ఆరుగురి యింటిలో మూడు వాయిలు పెట్టవలెను. అంతలో బాణలిలో ఇంత నూనెతో కూర వేగి, దింపి, భోజనమును కూడ ముగియును. నూనె తగ్గింపదలచిన వారికి ఇది పనికిరాదని మా యభిప్రాయము కాదు. ఇద్దఱే యున్న యింటిలో, వైద్యుడు నూనె మానుమన్న వారికి, దుంపకూరలు తఱచుగ తినువారికి అది సహాయమే. పదుగురు చూచి మెచ్చుకొనుటకు కొన్నచో అది సహాయము కాదు.

ఇట్టివి ఏల కొందురు? కొన్ని కోరి కొనుదురు. కొన్ని రాయితీ చూచి కొనుదురు. పెక్కు వానిని ఇచ్చుటకే కొనుదురు. పెండ్లిలో కాపురపు సామానను పేరుతో ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, ఓవెను మొదలగునవి వధువు వెంట పంపుట ఆచారమైనది. 1961నాటి వరకట్న నిషేధశాసనము కట్నమడుగుటను నేరమని చెప్పినది. కాని సామాను పట్టికకు బహుమానమను పేరు పెట్టి ఆ శాసనము ప్రక్కనుండియే నడచిపోవుచున్నారు. రెండెకరముల రైతు ఆ పట్టికకై నెలవాయిదాలకు ఒప్పుకొనును. కూతురు ఆ యింటికి పోయి అందులో సగము యంత్రముల కట్టుతాళ్లనైన విప్పదు. వాయిదాలు మాత్రము తండ్రి కట్టుచుండును. ఒక యంత్రము వాడబడకున్నను ఋణము వాడిపోదు. ఈ విషయమున వంటయింటి ప్రశ్న కేవలము సౌకర్యపు ప్రశ్నగా నుండక న్యాయపు ప్రశ్న యగుచున్నది.

ఇందులకు ప్రతిపక్షముగ పెద్దలు కొందఱు యంత్రములనే మొత్తముగ నిందింతురు. 'రోటిపచ్చడి రుచి మిక్సీకి వచ్చునా? రోకలి పట్టిన చేతులకు రోగములుండెనా? యంత్రములు వచ్చి స్త్రీలు సోమరులైరి' అని వారందురు. ఇందొక సత్యమును, ఒక అన్యాయమును కలిసియున్నవి. సత్యమేమనగా, రోలు నలుగగొట్టును, మిక్సీ కోయును. నలిగిన దోసకాయముక్కకు, గోంగూరకు, పచ్చిమిరపకాయకు ఉండు రుచి, వేగముగ తిరుగు బ్లేడులచే కోయబడి వేడెక్కిన దానికి రాదు. కాబట్టి పెరటిలోని రోలును పాఱవేయనక్కఱలేదు. ఇష్టమైన నాడు నూఱుకొనవచ్చును. అన్యాయమేమనగా, రోటిపచ్చడిని మెచ్చుకొనువారిలో రోటియెదుట కూర్చున్నవారు తక్కువ. వ్యాయామము అంత మేలైనచో దానిని ఇంటిలో ఒక్కరికే కేటాయించుట యేల? రోకలి ఆరోగ్యప్రదమని నమ్మినవారు ఉదయమున అరగంట దానిని తామే పట్టినచో వారి వాదమునకు బలము చేకూరును. ఇతరుల చేతినొప్పిని తన నాలుకకు రుచిగా చేసికొనుట సంప్రదాయము కాదు, స్వార్థము.

అయినను యంత్రములు వచ్చినంత మాత్రమున శ్రమ తగ్గినదా? ఇది గట్టిగా విచారింపవలసిన విషయము. 2019లో కేంద్ర గణాంకశాఖవారు దేశమంతట జరిపిన కాలవినియోగపు సర్వేలో, ఆఱేండ్లు నిండిన స్త్రీలలో నూటికి 81 మంది జీతములేని ఇంటిపని చేయుచుండిరనియు, వారందుకు దినమునకు సగటున 299 నిమిషములు వెచ్చించిరనియు తేలినది. పురుషులలో నూటికి 26 మంది మాత్రమే ఆ పనిలో చేయి వేసిరి. వారి కాలము 97 నిమిషములు. 2024లో మరల సర్వే జరుపగా స్త్రీల కాలము 289 నిమిషములైనది. ఈ యైదేండ్లలో ఎన్నియో యిండ్లకు ఎన్నియో యంత్రములు చేరియుండును; తగ్గినది పది నిమిషములు. గ్యాసుపొయ్యియు మిక్సీయు గల దేశమున ఇంటిపని యింకను దాదాపు ఐదుగంటలుగా నుండుటకు కారణమేమి?

అమెరికా దేశపు చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ప్రకటించిన 'మోర్ వర్క్ ఫర్ మదర్' అను గ్రంథమున దీనికొక సమాధానము కలదు. పూర్వము కట్టెలు కొట్టుట, ధాన్యము మరకు చేర్చుట వంటివి పురుషుల పనులుగా నుండెడివి. పొయ్యియు మరయు మాఱగా ఆ పనులు పోయి పురుషులకు విడుదల కలిగినది. స్త్రీల వంతు వంట మాత్రము నిలిచియుండుటయే గాక, సాధనములు పెరిగినకొలది ఇంటివారి కోరికలును పెరిగినవని ఆమె చూపెను. ఇది మన యిండ్లలో ప్రత్యక్షముగ కనబడుచున్నది. రోలు మాత్రమే యున్ననాడు ఒక పచ్చడితో తృప్తిపడిన యింటిలో, మిక్సీ వచ్చిన పిదప ఇడ్లీకి కొబ్బరిచట్నీ, పల్లీచట్నీ, అల్లపుచట్నీ యని మూడు కావలసివచ్చినవి. రాత్రి చల్దియుంచి ఉదయము తినెడివారికి, పూటపూటకు వేడిగ వండకున్న లోపము తోచుచున్నది. యంత్రము మిగిల్చిన గడియను ఇంటివారి నాలుక తినివేసినది. పనిముట్టు వచ్చినది గాని పని పోలేదు.

యంత్రవిరోధియని పేరుపడిన గాంధిగారు 1924లో యంత్రములను గూర్చి ప్రశ్నింపబడినప్పుడు సింగర్ కుట్టుయంత్రమును తాను మినహాయింతునని చెప్పిరి. భార్య చేతితో విసుగుగ కుట్టుచుండగా చూచి, ఆమె శ్రమను తగ్గింపవలెనను ప్రేమతో దానిని కనిపెట్టెనని వారు చెప్పిన కారణము. యంత్రము దేహబలమునకు తోడ్పడుచున్నదా, లేక కొందఱి లోభమునకు తోడ్పడుచున్నదా యనునది వారి గీటురాయి. ఈ గీటురాయిని వంటయింటికి తెచ్చినచో మేము దానికొక మాట చేర్చుదుము. ప్రేమతో యంత్రమును కొని యిచ్చుట మంచిదే. కాని ఆ యంత్రమును ఇచ్చి, 'ఇక నీకేమి కష్టము?' అని తాను కుర్చీలో కూర్చుండువాడు ప్రేమను చూపలేదు. తన వంతు పనికి వెల కట్టి తప్పించుకొన్నాడు. యంత్రము ఒక చేతికి బదులు కాగలదు. ఇంటిలోని రెండవ మనుష్యునికి బదులు కాజాలదు.

ఇచట మా వాదమునకు మేమే ఒక హద్దు నేర్పఱుపవలసియున్నది. నిత్యోపయోగమే ప్రమాణమని చెప్పి, వ్యర్థములని మనము నవ్విన వస్తువులనే కొందఱికి అవయవములుగా ఎంచవలసివచ్చును. వ్రేళ్ల కీళ్లు వాచిన ముదుసలికి కూరలు తఱుగు చిన్నయంత్రము విలాసము కాదు. కత్తిపీటముందు కూర్చుండలేని ఆమెకు స్వయముగ వండుకొను గౌరవమును అదే నిలుపుచున్నది. ఒక చేయి లేనివారికి మూత తీయు సాధనము, చూపు తగ్గినవారికి తానే ఆగిపోవు పొయ్యి, హైదరాబాదున ఒక్కగదిలో ఉండి చదువుకొను విద్యార్థికి అన్నము వండు చిన్నపాత్ర, ఇరుగుపొరుగు లేని పరదేశమున పసిబిడ్డతో ఒంటరిగ నుండు తెలుగు ఇల్లాలికి పాత్రలు కడుగు యంత్రము — వీనిని ఏ పొదుపుసూత్రముతోను కొట్టివేయరాదు. వస్తువును చూచి తీర్పు చెప్పువాడు తఱచుగ పొరపడును. దానిని పట్టుకొను చేతిని చూచి చెప్పవలెను.

కావున కొనదలచిన గృహస్థులు నాలుగు విషయములను విచారించిన చాలునని మా యభిప్రాయము. మన యింటి భోజనమున ఈ పని వారమునకు ఎన్నిమాఱులు వచ్చును? యంత్రమును దించి, వాడి, విడదీసి, కడిగి, ఆరబెట్టి, మరల ఎక్కించు కాలముతో కూడ లెక్కించినను కాలము మిగులునా? ఇంటనున్న కత్తి, బాణలి, కుక్కరు, మిక్సీ ఆ పనిని చేయజాలవా? ఇందువలన ఎవరి చేయి తేలికపడును, ఆ మిగిలిన గడియను అనుభవించుట కెవరికి స్వాతంత్ర్యమున్నది? మొదటి మూడును లెక్కకు సంబంధించినవి. నాలుగవది ధర్మమునకు సంబంధించినది. నాలుగవదానికి సరియైన ఉత్తరము లేనిచో, తక్కిన మూడింటిలో నెగ్గిన యంత్రము కూడ ఇంటిలో ఒక బరువే.

అయితే పండుగకో పెండ్లికో మాత్రమే కావలసిన సాధనముల మాటయేమి? వానిని ఎవరును కొనకుండుటయా? ఇందుకు నడిగూడెపు చరిత్రయే ఒక దారి చూపుచున్నది. గ్రంథము వెలగల వస్తువు. ఒకమాఱు చదివినపిదప బీరువాలో పండుకొనును. ఒక్కొక్కరును అన్ని గ్రంథములను కొనుట అసాధ్యమని యెఱిగి, పెద్దలు భాషానిలయములను స్థాపించి అందఱికిని అన్నిటిని అందుబాటు చేసిరి. అరుదుగ కావలసిన పనిముట్టునకు ఈ న్యాయమే యేల వర్తింపరాదు? పెండ్లికి గుండిగలు, గంగాళములు అద్దెకు తెచ్చుకొనుట మనకు వాడుకయే. నేడు ప్రతి గ్రామమునను స్త్రీల పొదుపుసంఘములున్నవి. ఊరంతటి గ్రామసమాఖ్యయు కలదు. పెద్ద గ్రైండరు, పిండివంటల గొట్టములు, పెద్ద ఓవెను, అప్పడములొత్తు యంత్రము వంటివి నాలుగైదు సమాఖ్య గదిలో నుంచి, పేరు వ్రాసికొని, స్వల్పమైన రుసుముతో ఇచ్చి పుచ్చుకొనినచో, నూఱిండ్లు నూఱు యంత్రములకై వాయిదాలు కట్టనక్కఱలేదు.

ఇందు చిక్కులు లేకపోలేదు. చెడగొట్టినవారెవరు, కడుగక తెచ్చినవారెవరు, పండుగనాడు ముందెవరికి అను తగవులు వచ్చును. గ్రంథాలయములలోను పుటలు చింపువారు లేరా? నియమములతో వానిని సరిపఱచుకొనిరి. ఇంతకంటె లోతైన చిక్కు వేఱొకటి కలదు. పూర్వము పనిముట్టు పొరుగింటికి పోయెడిదని మనము మెచ్చుకొంటిమి గదా. ఆ పొరుగిల్లు ఏ పొరుగిల్లు? పెనము వీథిని దాటెను గాని కులమును దాటలేదు. ఒక వాడలోని జంతికల గొట్టము వేఱొక వాడకు పోవుట ఊహకైన అందెడిది కాదు. ఆ పాత ఇచ్చిపుచ్చుకోలును పొగడి, దాని గోడలను మఱచుట సత్యము కాదు. నేటి సమాఖ్యలో అన్ని వాడల స్త్రీలును ఒక్క చాపమీద కూర్చుండి పొదుపులెక్కలు చూచుచున్నారు. అదే చాపమీద ఒక్క గ్రైండరును కూడ పంచుకొనగలిగినచో, అది యంత్రము చేయగల పనికంటె పెద్దపనిని చేసినట్లగును. ఒంటి యంత్రములను ఇంటింట కొనిపెట్టుకొను కోరికలో, పొరుగువారిని అడుగనక్కఱలేకుండుటయను కోరికయు కొంత కలదని మా యనుమానము. ఆ కోరికకు మనము చెల్లించు మూల్యము అట్టపెట్టెమీద అచ్చువేయబడి యుండదు.

ఇంతకును మొదటి ప్రశ్నకు మా సమాధానము సూక్ష్మముగ ఇది. నిత్యపు వంటకు, నిత్యము చేయు పనిని తేలికచేయు కొద్ది సాధనములు అవశ్యకములు. వానిని కొనుటకు సందేహింపరాదు, రోటిమీది మమకారముతో వానిని అడ్డగింపరాదు. అశక్తులకు ఉపకరించు సాధనము ఎంత అరుదైనదైనను యోగ్యమే. పండుగకు మాత్రమే కావలసినవి పంచుకొనదగినవి. ఇచ్చుటకును చూపుటకును కొనునవి, ముఖ్యముగ ఆడపిల్ల తండ్రి నెత్తిన వాయిదాలు మోపి తెప్పించునవి, మానదగినవి. అంగటికి బయలుదేరకముందు ఇంటిలో ఒకమాఱు విచారింపుడు: దానికి వెల యిచ్చువారిని గాదు, దినదినము దానిని కడుగబోవువారిని అడుగుడు. వారు వలదన్నచో ఆ రూకలను దాచి, ఆ సాయంకాలము కూరలు తఱుగుటకు మీరు కూర్చుండుడు.